పదకొండో రోజుకు ఒక ఫోటో

నాన్న పోయిన మూడో రోజు పొద్దున నేను ప్రింటు తెచ్చి అమ్మ ముందు పెడితే, ఆమె చేత్తో కూడా ముట్టుకోకుండా చూసి, "ఎవర్రా ఈయన?" అంది.

మతి తప్పి అన్న మాట కాదు. అమ్మ మతి గట్టిది. "మీ నాయిన గిట్ల ఉండడు. ఇంకోటి తీస్కరా," అని ఆ ప్రింటును పక్కకు జరిపి, పరామర్శకు వచ్చినవాళ్లకు చాయ్ పెట్టమని నా భార్యకు చెప్పింది.

పదకొండో రోజు పెద్దకర్మ. ఆ రోజుకు ఫోటో కావాలి. దండ వేసేది దానికే, వచ్చినవాళ్లు దండం పెట్టేది దానికే. తర్వాత అదే గోడకెక్కుతుంది, అమ్మ బతికినన్నాళ్లూ రోజూ చూడాల్సింది కూడా దాన్నే. నేనేమో పద్దెనిమిదేళ్లుగా మణుగూరులో స్టూడియో నడుపుతున్నవాణ్ని. అటు పినపాక నుంచి ఇటు గోదావరి ఒడ్డు దాకా ఎన్ని పెళ్లిళ్లు తీశానో నాకే గుర్తు లేదు. పోయినవాళ్ల ఫోటోలు పెద్దవి చేసివ్వడం నాకు వారం వారం వచ్చే పని. అలాంటివాడి దగ్గర సొంత తండ్రి ఫోటో సరైనది ఒక్కటి లేదంటే ఊరు నవ్వుతుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇంట్లో ఉన్న మనిషే కదా, ఎప్పుడైనా తీయొచ్చులే అనుకుంటూ ఊళ్లోవాళ్లనందర్నీ తీశాను.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, కాలు ఒకచోట నిలవదు. ఆ పదిరోజులూ అది మరీ ముదిరింది. స్టూడియో వెనకే మా కిరాయి ఇల్లు. నాన్న రిటైరయ్యాక బొగ్గుగని కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి అమ్మా ఆయనా అక్కడికే వచ్చారు. మూడు నెలలైనా గడవకముందే ఆయన గుండె ఆగిపోయింది. చావు ఇంట్లో కొడుకు అనేవాడు చాప మీద కూర్చుని వచ్చేవాళ్లకు కనిపించాలి. నేను మాత్రం ఇంటికీ స్టూడియోకీ మధ్య కాలుకాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాను. కూర్చుంటే ఏడుపొస్తుందని భయం. అందరి ముందూ ఏడవడం నాకు చేతకాదు.

ఆ మొదటి ప్రింటు ఒక సెల్ఫీ. రిటైరైన రోజు గని గేటు దగ్గర నాన్నా ఆయన దోస్తూ కలిసి దిగింది. చెయ్యి చాపి ఫోన్ పట్టుకున్నది నాన్నే. అందులో ఆయన ముక్కు ముందుకు ఉబికింది, చెవులు వెనక్కి పోయి దాదాపు మాయమయ్యాయి. అందరూ దీన్ని లెన్స్ తప్పంటారు కానీ నిజానికి దూరం తప్పు. మూరెడు దూరం నుంచి చూస్తే ముక్కు మరీ దగ్గర, చెవి మరీ దూరం. దగ్గరిది పెద్దగా, దూరంది చిన్నగా పడుతుంది. అంత దగ్గర నుంచి చూస్తే మన కంటిలోనూ బొమ్మ అలాగే పడుతుంది. కాకపోతే కంటి వెనక ఉన్న మనసు, "ఈయన ముక్కు ఇంత లేదు, నాకు తెలుసు" అని సర్దుకుంటుంది. ఫోన్‌కు ఆయనెవరో తెలియదు కదా, ఉన్నది ఉన్నట్టు పెట్టేసింది.

ఇదంతా అమ్మకు చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "ముక్కు సంగతి నాకెందుకురా? ఈయన కాదంటున్న," అంది.

రెండోది మా మేనత్త కొడుకు పెళ్లిలో నేనే తీసిన గ్రూపు ఫోటో. మండపం మీద చోటు తక్కువ, చుట్టాలు ఎక్కువ. అందుకని వెడల్పు లెన్స్ వేశాను. నాన్న ఎప్పటిలాగే వరుస చివర నిలబడ్డాడు. వెడల్పు లెన్స్‌తో వచ్చే తంటా అదే, మధ్యలో ఉన్నవాళ్లు బాగానే ఉంటారు, అంచున ఉన్నవాళ్లను అడ్డంగా సాగదీస్తుంది. మన కంటికి ఆ బాధ లేదు. కన్ను సరిగ్గా చూసేది చాచిన చేతి బొటనవేలి గోరంత మేరే. ఎవర్ని చూడాలంటే వాళ్ల మీదికే అది గెంతుతుంది కాబట్టి, ఎవరూ అంచున మిగిలిపోరు. నాన్న మొహాన్ని కత్తిరించి, కంప్యూటర్లో రెండు పక్కల నుంచీ నొక్కి, రెండు గంటలు కుస్తీ పట్టి ప్రింటు తీశాను.

"మంచిగుంది," అంది అమ్మ. "అచ్చం మీ పెదనాయిన లెక్కున్నడు."

పెదనాన్న అక్కడే కూర్చుని ఉన్నాడు. ఆయన కూడా ప్రింటు చేతిలోకి తీసుకుని చూసి అవునన్నట్టు తల ఊపాడు. నాకు చిర్రెత్తుకొచ్చి బయటికి వెళ్లిపోయాను.

ఐదో రోజు చితాభస్మం గోదావరిలో కలపడానికి భద్రాచలం వెళ్లాం. వచ్చేటప్పుడు దారి పొడుగునా అడవి. కారులో కుదురుగా కూర్చోలేక, కిటికీలోంచి ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూసి చూస్తూ వచ్చాను. ఒక్క కన్నుతో చూస్తే టేకుచెట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని గోడలా ఉన్నాయి. రెండూ తెరిస్తే వాటి మధ్య సందులు, సందుల్లో లోపలికి పోయే కాలిబాట కనిపించాయి. కెమెరాది ఒంటికన్ను. ఇన్నేళ్లూ వ్యూఫైండర్‌కు కుడి కన్ను ఆనించి, ఎడమది మూసి, నేనూ ఒంటికన్నుతోనే బతికాను.

"ఏమైందండీ, కంట్లో ఏమన్నా పడిందా?" అంది పక్కన కూర్చున్న నా భార్య. మధిర వైపు పిల్ల, మాట మెత్తన.

"ఏం పడలేదు," అని కసిరాను.

మూడో ఫోటో మీద నాకు గట్టి నమ్మకం ఉండేది. పింఛను కాగితాల కోసం అమ్మా నాన్నా పక్కపక్కన కూర్చుని దిగిన జంట ఫోటో అది. రిటైర్‌మెంట్‌కు వారం ముందు మా స్టూడియోలోనే తీశాను. పొడుగు లెన్స్, పదడుగుల దూరం, పక్క నుంచి మెత్తటి లైటు. మనం ఎదుటి మనిషిని చూసే దూరం ఇంచుమించు అదే కాబట్టి ముక్కు ముక్కులా, చెవి చెవిలా వచ్చాయి. పని పరంగా దానికి వంక పెట్టేవాడు ఉమ్మడి ఖమ్మం జిల్లాలో లేడు.

కానీ నాకు ఆ ఫోటో కావాలనిపించింది వేరే కారణానికి. అందులో నాన్న సూటిగా నా వైపు చూస్తున్నాడు.

మా నాన్న నాతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ నా మొహంలోకి చూడలేదు. పదో తరగతి పాసయ్యానని చెబితే కిటికీ వైపు చూస్తూ "మంచిదే" అన్నాడు. చదువు మానేసి ఫోటోలు తీస్తానంటే, మొదటి కెమెరా కొనుక్కోమని డబ్బిస్తూ గోడ వైపు చూశాడు. నా పెళ్లి రోజున కూడా అంతే. ఆయనకు నేనంటే గిట్టదని చిన్నప్పుడే తీర్మానించుకున్నాను. నలభై ఏళ్లు దాటినా ఆ ముల్లు అలాగే ఉంది. ఎవరైనా పక్కకు చూస్తూ నాతో మాట్లాడితే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. అందుకే ఆ రోజు స్టూడియోలో, ఆయన మాటిమాటికీ మొహం తిప్పుకుంటుంటే నేను ఓపిక పట్టలేదు. "నాయినా, ఇటు చూడు. ఒక్కసారన్నా సక్కగ నా దిక్కు చూడు," అని గట్టిగా అరిచాను. బయట కూర్చున్న గిరాకీలు కూడా లోపలికి తొంగి చూశారు. ఆయన బెదిరి చూశాడు. నొక్కాను. నా జీవితం మొత్తంలో ఆయన నన్ను ఎదురుగా చూసింది ఆ రెప్పపాటు కాలమే. ఆ చూపు మా గోడ మీద ఉండాలని నాకు ఆశ.

ఆ ఫోటోలో నాన్న ఉన్న సగం అప్పటికే ఊళ్లోకి వెళ్లిపోయింది కూడా. నాన్నతో పనిచేసినవాళ్లు నా కంప్యూటర్లోంచే అడిగి తీసుకుని ఫ్లెక్సీ కొట్టించి, కాలనీ మూల మీద కట్టారు. వెనక నీలం ఆకాశం, రెండు తెల్ల పావురాలు. ముప్పై ఐదేళ్లు భూమి లోపల పనిచేసిన మనిషి వెనక అంత ఆకాశం చూసి నాకే ఏదోలా అయింది.

ఏడో రోజు అమ్మ పక్కన చాప మీద కూర్చుని ఆ ప్రింటు చూపించాను. ఆమె కాసేపు చూసింది. ఈసారి ఒప్పుకుంటుందనుకున్నాను.

"అన్నీ ఆయనయే," అంది. "కానీ ఆయన కాదు."

"ఇంకెట్ల ఉంటడే ఆయన? నువ్వే చెప్పు. నీ కండ్లల్ల ఉన్న ఫోటో నేనెట్ల తియ్యాలె?" నా గొంతు లేచింది. చావు ఇంట్లో తల్లి మీద అరిచాను. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

తర్వాత నేనే మెత్తబడి, ఆయన ఎప్పుడు బాగా గుర్తొస్తాడని అడిగాను. మొదటి షిఫ్టు దిగి వచ్చాక, సాయంత్రం, క్వార్టర్ గడప మీద కూర్చుని, కొబ్బరినూనె గుడ్డతో కంటి రెప్పల సందులో బొగ్గు తుడుచుకుంటూ ఉంటే ఆమె వంటింట్లోంచి చూసేదట. వెనక ఎండ, ముందు చీకటి గది. ఆ బొమ్మను నా కెమెరాతో తీయాలంటే మొహం కనిపిస్తే వెనక వీధంతా తెల్లగా కాలిపోతుంది, వీధి కనిపిస్తే మొహం మసిబొగ్గవుతుంది. అమ్మ కన్ను మాత్రం నీడలో ఉన్న మొహాన్నీ ఎండలో ఉన్న వీధినీ ఒకేసారి చూసింది, అదీ ఇన్నేళ్లూ.

కంటి బొగ్గు అనగానే నాకు ఒకటి తట్టింది. లోపల పనిచేసేవాళ్లకు ఎంత స్నానం చేసినా రెప్పల అంచున కాటుక పెట్టినట్టు నల్లటి గీత మిగిలిపోతుంది. మా బొగ్గు ఊళ్లలో ఏ స్టూడియోవాడైనా ఫోటో ఇచ్చే ముందు మొదట చెరిపేది ఆ గీతనే. ఎవరూ అడగరు, మేమే తీసేస్తాం. నాన్నకూ తీసేశాను. సమస్య దొరికింది అనుకుని స్టూడియోకి పరుగెత్తాను. రెండు కళ్లకూ సన్నగా గీత గీసి, కొంచెం చెదరగొట్టి, మళ్లీ ప్రింటు తీసి తెచ్చాను.

అమ్మ చూసింది. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి ఆమె మొహంలో నవ్వులాంటిది కనిపించింది. "నాటకాలోడి లెక్క చేసినవ్ గదరా," అంది.

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం సెల్ఫీలో నాన్న పక్కన ఉన్న దోస్తు వచ్చాడు. గనిలో నాన్నతో ఇరవై ఏళ్లు ఒకే జట్టులో పనిచేసిన మనిషి. నేను ఆయన్ని బాబాయ్ అంటాను. కుర్చీ వేస్తే కూర్చుని, నా పక్కనున్న నీళ్ల డ్రమ్ము వైపు చూస్తూ, కర్మకు వంటవాళ్లను మాట్లాడావా, టెంటు చెప్పావా అని అడగడం మొదలుపెట్టాడు. నేను జవాబు చెబుతున్నాను, ఆయన డ్రమ్మునే చూస్తున్నాడు. తొమ్మిది రోజుల చిరాకూ ఒక్కసారి తన్నుకొచ్చింది.

"బాబాయ్, నేను గిక్కడున్న. నా మొహం చూసి మాట్లాడరాదు? మా నాయిన గట్లనే, నువ్వూ గట్లనే!"

ఆయనకు కోపం రాలేదు. తెల్లబోయి, తర్వాత నవ్వాడు. "అలవాటు రా, ఏమనుకోకు. లోపల ఎదురుంగ చూసి మాట్లాడితే తిడ్తరు."

"ఎందుకు తిడ్తరు?"

"నెత్తి మీద దీపం ఉంటది గద. తల ఎటు తిప్పితే ఎలుగు అటే. నీ మొహం చూసి మాట్లాడిననుకో, నా దీపం నీ కండ్ల వడ్తది. జరసేపు నీకేం కానరాదు. గా జరసేపట్ల పైనుంచి రాయి వడ్డా ఎరుక కాదు, బొగ్గు మోసే టబ్బు మీదికొచ్చినా ఎరుక కాదు. అందుకే మాట్లాడేటప్పుడు తల పక్కకు తిప్పుతం. కొత్తగ వచ్చినోడికి మొదలు నేర్పేది గదే." మళ్లీ డ్రమ్ముకేసి చూస్తూ అన్నాడు. "మీ నాయినకైతే మరీ పట్టింపు. మనిషి మీద ఎంత ప్రేముంటే అంత పక్కకు తిప్పెటోడు."

బొగ్గు కార్మికుడి కొడుకునై పుట్టి, అదే ఊళ్లో పెరిగి, ఆ ముక్క నాకు తెలియదు. నేనెప్పుడూ లోపలికి దిగలేదు. ఆయనా ఎప్పుడూ చెప్పలేదు, పైన ఎండలో కూడా తను అలా తిప్పుతున్నానని ఆయనకే తెలిసి ఉండదు. బాబాయ్ ఇంకేదో చెబుతున్నాడు. నాకు వినిపించలేదు. కిటికీ వైపు చూస్తూ అన్న "మంచిదే" ఒక్కటే చెవిలో తిరుగుతోంది. లేచి వంటింట్లోకి వెళ్లి, కుండ పక్కన నిలబడి ఏడ్చాను.

ఏడుపు ఆగాక ఒక్కటే తోచింది. అమ్మ మొదటి రోజు నుంచీ చెబుతున్నది ఇదే. ఆమెకూ మాటల్లో పెట్టడం రాలేదు, అంతే. నేను తెచ్చిన ప్రతి ఫోటోలోనూ నాన్న ఎదురుగా చూస్తున్నాడు, ఎందుకంటే ఫోటో తీసేవాడెవడైనా ముందుగా అనే మాట "ఇటు చూడండి". పక్కకు తిరిగిన ఫోటోలు ఉండేవి, పింఛను ఫోటో తీసిన రోజున అలాంటివి బోలెడు వచ్చాయి. పనికిరావని తీసేయమన్నాను.

పదో రోజు పొద్దున స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఫోటోల కోసం వెతికాను. లేవు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదేనని నన్ను నేనే తిట్టుకుంటుంటే, నా భార్య టీ తెచ్చి పక్కన పెట్టింది. కంప్యూటర్ పని చూసేది ఆమె.

"మావయ్యగారి ఆ రోజు ఫోటోలా? నేను తీసెయ్యలేదండీ," అంది.

"నేను తీసెయ్యమన్నగా?"

"మీరు రోజూ అంటారు. ఒకసారి తీసేస్తే ఆ పెళ్లివాళ్లు వచ్చి మనల్ని ఎంతలా తిట్టారో మర్చిపోయారా? అప్పట్నుంచీ ఏదీ తీసెయ్యట్లేదు." ఇంకో డిస్కు పెట్టి, ఒక ఫోల్డర్ తెరిచింది. దానికి ఆమె పెట్టుకున్న పేరు 'బాగోనివి'.

ఇరవై దాకా ఉన్నాయి. అన్నిట్లోనూ అమ్మ, నేను చెప్పినట్టే బుద్ధిగా లెన్స్‌లోకే చూస్తోంది. నాన్న కొన్నిట్లో కళ్లు మూసుకున్నాడు, కొన్నిట్లో సగం లేచాడు. ఒకదాని దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. తల కుడి పక్కకు తిరిగి ఉంది. చూపు లైటు స్టాండు కాళ్ల దగ్గర ఎక్కడో ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది, ఏదో అంటున్నాడు. ఒక చెయ్యి మోకాలి మీంచి కాస్త లేచింది. రెప్పల అంచున బొగ్గు గీత ఉంది, కుడి కంటికి ఎక్కువ, ఎడమ కంటికి తక్కువ. చెంప కొద్దిగా కదిలింది కాబట్టి పదును కూడా లేదు. నా లెక్క ప్రకారం అది చెడిపోయిన ఫోటో. చూస్తే నాన్నే.

గీత ముట్టుకోలేదు. అమ్మ ఉన్న పక్క కత్తిరించి, నాన్నను మాత్రం ఉంచి ప్రింటు తీశాను. తడి ఆరకముందే ఇంటికి పట్టుకెళ్లాను.

అమ్మ ఈసారి అడగకుండానే చేతిలోకి తీసుకుంది. వెలుతురుకు పెట్టి చూసింది. చీర కొంగుతో ఒకసారి తుడిచి, మళ్లీ చూసింది.

"ఇగో," అంది. "ఈయన మీ నాయిన."

నేను ఆమె పక్కన చాప మీద కూర్చున్నాను. పదిరోజుల్లో అంత నిలకడగా కూర్చున్నది అప్పుడే. ప్రింటులో ఆయన తెరిచిన నోరు చూస్తూ, "ఏందో అంటున్నడు చూడు. నీతోనేనా?" అని అడిగాను.

"నాతోనెందుకురా? నీ దిక్కు నుంచి మొహం తిప్పిండంటే నీతోనే మాట్లాడుతుండు."

"ఏమన్నడు?"

"ఇనలేదా నువ్వు?" అమ్మ నా వైపు ఆశ్చర్యంగా చూసింది. "పొద్దటి సంది నిలవడే ఉన్నవ్, అన్నం తిన్నవా బిడ్డా అన్నడు. రెండుసార్లడిగిండు. మాట్లాడకు, ఇటు చూడు అని నువ్వు అరిచినవ్."

నాకు గుర్తు లేదు. మాట్లాడకు అని నేను రోజుకు ఎంతమందితో అంటానో.

మర్నాడు పెద్దకర్మకు చుట్టాలూ గనివాళ్లూ నిండిపోయారు. ఫోటో చూసి, "ఇదేంది, అటు చూస్తుండు, సక్కటిది దొరకలేదా?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. గనివాళ్లు ఎవరూ అడగలేదు. ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి, కొడుకు చేత్తోనే పెట్టాలంటే తీసుకెళ్లి ఫోటో ముందు పెట్టాను. వంగినప్పుడు ఆయన మొహం నా మొహానికి దగ్గరగా వచ్చింది. పక్కకే చూస్తున్నాడు.

"తిన్న నాయినా," అన్నాను, ఎవరికీ వినపడకుండా.

అబద్ధం. ఆ రోజు కర్మ అయ్యేదాకా కొడుకు ఏమీ తినకూడదు.